రోమియో జూలియెట్: తప్పు విధిదా, పెద్దలదా?

‘రోమియో జూలియెట్’ నాటకంలో ప్రేమికుల మరణానికి తప్పు విధిదా, పెద్దలదా అన్న మీ వ్యాసం ముందుకు సాగడం లేదన్నారు. అందుకు కారణం, విధిని, ఆ ఇద్దరి కుటుంబాల వైరాన్ని రెండు వేర్వేరు కారణాలుగా చూపబోవడమే. షేక్‌స్పియర్ వాటిని ఒకే ముడిగా వేశాడు.

1. నాటకం మొదట వచ్చే 14 పంక్తుల పద్యాన్ని మళ్లీ చదవండి. పాత పగ, గ్రహాలు కలిసిరాని ప్రేమ, రెండూ అక్కడే ఉన్నాయి.

2. చాలామంది దాటిపోయేది నాలుగో అంకం, రెండో రంగం. జూలియెట్ మోకరిల్లి క్షమాపణ కోరగానే, సంబరపడిపోయిన తండ్రి, ఆమెకు ఇష్టం లేకుండా గురువారానికి నిశ్చయించిన పెళ్లిని బుధవారానికి మారుస్తాడు. దాంతో ఆ పెళ్లిని తప్పించుకోవడానికి ఆమె, 42 గంటలు మృతురాలిలా పడి ఉండేలా చేసే మందును ఒక రాత్రి ముందే తాగవలసి వస్తుంది. మాంటువా నగరంలో ఉన్న రోమియోకు ఈ పథకాన్ని తెలిపే ఉత్తరం చేరే వ్యవధి తరిగిపోతుంది. ఆ తండ్రి సంతోషాన్ని చదివిన ప్రతిసారీ నాకు గుండె బరువెక్కుతుంది.

3. ఆ వెంటనే ఐదో అంకం, రెండో రంగం చూడండి. ఉత్తరం తీసుకెళ్లవలసిన సన్యాసిని ప్లేగు అనుమానంతో ఒక ఇంట్లో నిర్బంధించడం విధి; ఆ ఆలస్యాన్ని దిద్దుకునే గడువు లేకుండా చేసింది పెద్దల తొందర.

ఈ రెండు రంగాలను ఒకే పేరాలో పక్కపక్కన పెట్టి రాయండి.