బర్నర్ చేస్తున్న బిడ్డకు పెద్దబాపు రాసేది

గోదావరిఖని

బిడ్డా,

ఎన్ఐటీ ల్యాబ్ నుంచి నువ్వు పంపిన బర్నర్ డ్రాయింగ్ చూశాను, ఫ్యూయల్ సెల్ (హైడ్రోజన్‌తో కరెంటు పుట్టించేది) వాడుకోక వదిలే హైడ్రోజన్‌ను ప్లాటినం పూత మీద మండించేది. ప్లాటినం ఎంత పూయాలని అడిగావు. ఆ లెక్క తర్వాత చూద్దాం. ముందు గ్యాసూ గాలీ కలవడానికి చోటేదిరా? బర్నర్ చిన్నగా ఉండాలంటే అందరూ మొదట కోసేది అక్కడే. నేనూ అట్లనే కోశాను.

నా మొదటి బర్నర్ విప్పిన రోజు ఇప్పటికీ కళ్ల ముందుంది. తేనెపట్టు లాంటి సిరామిక్ దిమ్మె. ఒక పక్క కొత్తదానిలాగే ఉంది. రెండో మూల తెల్లబారింది, గోటితో గీకితే పూత సున్నంలా రాలింది. గాలిలో ఒక్క శాతం హైడ్రోజన్ మండితే సుమారు 80 డిగ్రీల వేడి పెరుగుతుంది. సగటున 6 శాతం అనుకుని, 200 దగ్గర లోపలికి పోయే గ్యాసు 700 దాటదని లెక్క వేసుకున్నాను. గ్యాసూ గాలీ సరిగ్గా కలవక ఆ మూలకు 10 శాతం దాకా పోయినట్టుంది. అంటే వేడి 1000 దాకా పోయింది. అంత వేడికి పూతలో ప్లాటినాన్ని మోసే గామా అల్యూమినా అనే పదార్థం మెల్లగా ఆల్ఫా అనే ఇంకో రూపంలోకి మారి, దాని సన్నని రంధ్రాలు మూసుకుపోతాయి. నేనేమో నడుమ పెట్టిన ఒక్క థర్మోకపుల్ (వేడి కొలిచే తీగ) 690 చూపిస్తుంటే మురిసిపోయాను!

నువ్వు అంచులకు కూడా నాలుగు పెట్టు. అంతకంటే ముందు, వేడి చేయకుండానే హైడ్రోజన్ బదులు మండని హీలియం పంపి, దిమ్మె ముందు ఐదు చోట్ల సన్నని గొట్టంతో తీసి ఎంత హీలియం ఉందో కొలువు. ఆ ఐదు రీడింగులు ఒకదానికొకటి దగ్గరగా వచ్చేదాకా ప్లాటినం డబ్బాలు కదిలించకు.

తేనెపట్టే మంటను ఆపుతుందిలే అనుకోకు. చదరపు అంగుళానికి 400 గదులున్న దిమ్మెలో ఒక్కో గది మిల్లీమీటరు పైనే. హైడ్రోజన్ మంట అంత సందులోంచి వెనక్కి దూరిపోతుంది, మీథేన్ మంట దూరదు. కాబట్టి మీథేన్‌తో బాగా నడిచిందని ధైర్యం తెచ్చుకోకు. ఇంటి సిలిండర్‌తో ట్రయల్ అసలే వద్దు. వాసన కోసం కలిపే మెర్‌కాప్టాన్‌లోని గంధకం నీ పూతను పాడు చేస్తుంది.

ఇంకొకటి. ఫ్యూయల్ సెల్ మీద లోడ్ ఒక్కసారిగా పడిపోతే, అది వాడుకోని హైడ్రోజన్ అంతా నీ బర్నర్ మీదికే వస్తుంది. బ్లోయర్‌కు ఆ లెక్కతో కొంత ఎక్కువ బలం ఉంచు. నీ ఏసీ ల్యాబ్‌లో 25 డిగ్రీల గాలితో సరిపోయిన బ్లోయర్, మన దగ్గర మే నెలలో 45 డిగ్రీల గాలితో చాలదు. అది ఆరు శాతం పలచనగా ఉంటుంది మరి. ఆపేటప్పుడు ముందు గ్యాసు కట్టు, గాలి మాత్రం చల్లబడేదాకా నడవనీ.

బతుకమ్మకు వస్తావుగా. డ్రాయింగ్ వద్దు, ఆ ఐదు హీలియం రీడింగులు కాగితం మీద రాసుకొని తీసుకురా. ప్లాటినం సంగతి అప్పుడు మాట్లాడదాం. మీ పెద్దమ్మ సకినాలు చేస్తానంటోంది.

మీ పెద్దబాపు