సెలవు మొదలైన రోజే తలనొప్పి... ట్రిప్ సంగతేంటి?

ప్రశ్న: డాక్టర్ గారూ, నా వయసు 29. హైదరాబాద్‌లో ఐటీ ఉద్యోగం చేస్తూ శని, ఆదివారాల్లో ఎంబీఏ క్లాసులకు వెళ్తున్నాను. అసైన్‌మెంట్లు పూర్తిచేసి పడుకునేసరికి రాత్రి ఒంటిగంట దాటుతుంది, మళ్లీ ఏడింటికి లేవాలి. ఆఫీసులో నాలుగైదు కాఫీలు తాగుతాను. పని రోజుల్లో తల కాస్త బరువుగా ఉన్నా మాత్ర వేసుకుని లాక్కొస్తాను. వారానికి మూడు నాలుగు రోజులు మాత్ర తప్పట్లేదు. అసలు గొడవంతా సెలవు దొరికినప్పుడే. తలకు ఒకవైపు పోటు మొదలవుతుంది, వాంతి వచ్చేలా ఉంటుంది, వెలుతురు చూడలేను. సంక్రాంతికి ఊరెళ్తే భోగి రోజంతా తలుపులు మూసుకుని పడుకున్నాను. వచ్చే నెల పరీక్షలు. అవి కాగానే స్నేహితులతో విశాఖ, అరకు వెళ్తున్నాం. ఏడాదిగా ఈ ట్రిప్ కోసమే ఎదురుచూస్తున్నాను. అప్పటిదాకా మాత్రలతో నెట్టుకురావచ్చా? స్కానింగ్ చేయించుకోవాలా?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

సలహా: మీరు రాసిన లక్షణాలు మైగ్రేన్, అంటే పార్శ్వపు నొప్పికి బాగా సరిపోతున్నాయి. ఒకవైపు పోటు, వికారం, వెలుతురు పడకపోవడం, కొన్ని గంటల నుంచి రెండు మూడు రోజుల దాకా వేధించడం దీని తీరు. డాక్టర్ ఒకసారి పరీక్షించి నరాలకు సంబంధించి ఏ తేడా లేదంటే స్కానింగ్ అవసరం సాధారణంగా ఉండదు. బీపీ, కంటి చూపు, హిమోగ్లోబిన్, థైరాయిడ్ మాత్రం చూపించుకోండి. మీ వయసు ఆడవాళ్లలో రక్తహీనత చాలా మామూలు, అదీ తలనొప్పిని పెంచుతుంది.

సెలవు రోజే ఎందుకు వస్తోందంటే, టెన్షన్ ఉన్నప్పటికంటే అది ఒక్కసారిగా దిగిపోయినప్పుడు మైగ్రేన్ వచ్చే అవకాశం ఎక్కువ. 2014లో న్యూరాలజీ పత్రికలో వచ్చిన ఒక అధ్యయనం ఇదే చెప్పింది. ఒత్తిడి తగ్గిన తర్వాత మొదటి ఆరు గంటల్లో ముప్పు దాదాపు ఐదు రెట్లు కనిపించిందట. కానీ మీ విషయంలో తప్పంతా ఒత్తిడి మీదికే నెట్టేయలేను. ఊరెళ్లిన రోజు ఏం జరిగి ఉంటుందో ఊహించడం కష్టం కాదు. ఏడింటికి లేచే మనిషి పదింటిదాకా పడుకుంటుంది. టిఫిన్ మధ్యాహ్నం భోజనంలో కలిసిపోతుంది. ఆఫీసు మెషీన్ దగ్గర పదకొండు లోపే మూడు కాఫీలు అలవాటైన ఒంటికి, ఇంట్లో అమ్మ ఇచ్చే ఒక్క చిన్న గ్లాసే దక్కుతుంది. రోజూ కాఫీ గట్టిగా తాగేవాళ్లు ఉన్నట్టుండి తగ్గిస్తే 12 నుంచి 24 గంటల్లో తలనొప్పి మొదలవుతుంది. నిద్ర, తిండి, కాఫీ మూడూ ఒకేరోజు తారుమారైతే మైగ్రేన్ ఉన్న తల ఊరుకోదు.

ఇక మాత్రల సంగతి. నన్ను ఎక్కువ కంగారుపెట్టింది ఇదే. వారానికి మూడు నాలుగు రోజులంటే నెలకు 12 నుంచి 16 రోజులు. ఉత్తి పారాసెటమాల్ లాంటివి నెలలో 15 రోజులు, రెండు మూడు మందులు కలిపిన మాత్రలు 10 రోజులు, అలా మూడు నెలలు దాటి వాడితే ఆ మాత్రలే తలనొప్పి తెచ్చిపెడతాయి. షాపులో అడగ్గానే ఇచ్చే కొన్ని తలనొప్పి మాత్రల్లో కెఫీన్ కూడా ఉంటుంది, అంటే ఇంకో కాఫీ తాగినట్టే. మీ స్ట్రిప్ వెనక ఏం రాసుందో చదవండి. కాబట్టి పరీక్షల దాకా మాత్రలతో నెట్టుకురావడం మంచి ఆలోచన కాదు. నెలలో నాలుగు రోజులకు మించి నొప్పి వస్తోంది కాబట్టి, రాకుండా ఆపే మందు గురించి డాక్టర్‌తో మాట్లాడండి. ప్రొప్రనొలాల్ లాంటివి వాడతాం. ఆస్తమా ఉన్నవాళ్లకు అది పనికిరాదు, కాబట్టి స్నేహితురాలి చీటీ చూసి కొనొద్దు. వీటి గుణం తెలియడానికి వారాలు పడుతుంది. ట్రిప్ నుంచి వచ్చాక చూద్దాంలే అనుకోకుండా ఈ వారమే వెళ్లండి. నొప్పికి ముందు కళ్ల ముందు మెరుపులు, వంకర గీతలు కనిపిస్తుంటే, గర్భనిరోధక మాత్రలు వాడుతుంటే ఆ రెండు విషయాలూ తప్పక చెప్పండి.

ఉద్యోగం, చదువు రెంటిలో ఏదో ఒకటి మానేయమని నేను అనను. అలాంటి సలహాలు ఇవ్వడం తేలిక, ఫీజు కట్టింది మీరు. కానీ రెస్ట్ మొత్తం ట్రిప్‌కే దాచుకోవడం మాత్రం మానండి. సెలవులన్నీ అరకుకే పోగెయ్యకుండా ఒకటి పరీక్షలకు ముందు వాడుకోండి, వీలైతే ఒకటి పరీక్షలకూ ప్రయాణానికీ మధ్య పెట్టుకోండి. ఆఖరి పేపర్ రాసి అదే రాత్రి బస్సెక్కితే భోగి రోజు కథే మళ్లీ జరుగుతుంది. రాత్రి నిద్ర కనీసం ఏడు గంటలకు తెచ్చుకోవాలి. ఒంటిగంట దాటాక రాసిన అసైన్‌మెంట్ మర్నాడు చదివితే ఎలా ఉంటుందో మీకూ తెలుసు. సెలవైనా, క్లాసైనా లేచే టైము గంటకు మించి మారకూడదు. కాఫీ నాలుగైదు రోజులకు ఒక కప్పు చొప్పున తగ్గిస్తూ రెండుకు తీసుకురండి, మధ్యాహ్నం రెండు తర్వాత వద్దు.

విశాఖ నుంచి అరకు రైలు పొద్దున్నే ఉంటుంది. హడావుడిలో ఖాళీ కడుపుతో ఎక్కకండి, రెండు ఇడ్లీలైనా తినండి. కారులో అయితే ఘాట్ మలుపులు చాలా. మైగ్రేన్ ఉన్నవాళ్లకు తల తిరగడం, వాంతులు ఎక్కువ, అందుకని ముందు సీటు అడిగి తీసుకోండి, ఫోన్ చూడకండి. నల్లద్దాలు, నీళ్ల సీసా, డాక్టర్ రాసిచ్చిన మాత్ర చేతిసంచిలోనే ఉండాలి. డిక్కీలో ఉన్న మాత్ర మలుపుల మధ్యలో అందదు. నొప్పి మొదలైన వెంటనే వేసుకుంటేనే బాగా పనిచేస్తుంది. అరకు వెళ్లి కాఫీ తాగొద్దంటే ఎవరూ వినరు కాబట్టి తాగండి, ఆ రెండు కప్పుల లెక్కలోనే.

పిడుగు పడినట్టు ఉన్నట్టుండి తీవ్రమైన నొప్పి వచ్చినా, జ్వరంతో మెడ పట్టేసినా, మాట తడబడినా, చెయ్యో కాలో బలహీనపడినా ఇది మామూలు మైగ్రేనేలే అనుకోకుండా వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి. ప్రస్తుతానికి ఈ రోజు నుంచే నొప్పి వచ్చిన తేదీ, నిద్రపోయిన గంటలు, కాఫీలు, మాత్రలు, నెలసరి రోజులు ఫోన్‌లో రాసుకుంటూ డాక్టర్‌కు చూపించండి.