అమెరికాలో అరెస్టు రికార్డులు: ఎక్కడ వెతకాలి, ఎలా చదవాలి

పాఠకుల ప్రశ్నలు – న్యాయవాది సమాధానాలు

ప్రశ్న: మాది గుంటూరు, బ్రాడీపేట. మా రెండో అమ్మాయికి టెక్సాస్‌లోని ఫ్రిస్కోలో ఉద్యోగం చేస్తున్న అబ్బాయితో సంబంధం కుదిరింది. మాఘమాసంలో తాంబూలాలు పుచ్చుకుందామనుకున్నాం. ఇంతలో మా ఆడపడుచు కొడుకు ఏదో వెబ్‌సైటుకు డబ్బు కట్టి వెతికి, ఆ అబ్బాయి పేరు, ఇంటిపేరుతో ఒక అరెస్టు రికార్డు ఉందంటూ ఫోన్‌కు ఫొటో పంపాడు. అందులో ఒక కౌంటీ పేరు, 'అసాల్ట్' అన్న మాట తప్ప మాకేమీ అర్థం కాలేదు. అబ్బాయి అంతకుముందు రెండేళ్లు పిట్స్‌బర్గ్‌లో చదువుకున్నాడు. వాళ్లను అడగడానికి నోరు రావడం లేదు, ఊరుకోవడానికి మనసు ఒప్పడం లేదు. అక్కడి రికార్డులు మనలాంటివాళ్లు చూడవచ్చా? చూస్తే తప్పవుతుందా? – ఒక తల్లి

జవాబు: అమ్మా, మీ చివరి ప్రశ్నతోనే మొదలుపెడతాను. చూడవచ్చు, చూడడం తప్పు కాదు. పోలీసులు ఒక మనిషిని అరెస్టు చేశారన్న సంగతి అమెరికాలో చాలా రాష్ట్రాల్లో ప్రజలు తెలుసుకోదగిన సమాచారమే. అరెస్టు వంటి అధికారిక చర్యను ప్రభుత్వం వెల్లడించినంత మాత్రాన రాజ్యాంగం కాపాడే గోప్యతకు భంగం కలగదని ఆ దేశపు సుప్రీంకోర్టు 1976లో పాల్ వర్సెస్ డేవిస్ కేసులో చెప్పింది. టెక్సాస్ ప్రజా సమాచార చట్టం ప్రకారం దర్యాప్తు వివరాలను పోలీసులు కొంతవరకు దాచుకోవచ్చు గానీ, అరెస్టయిన వ్యక్తి గురించి, ఆ అరెస్టు గురించి ప్రాథమిక సమాచారాన్ని మాత్రం అడిగినవారికి ఇవ్వాల్సిందే. ఎందుకు అడుగుతున్నారని ప్రశ్నించే అధికారం కూడా వారికి లేదు. అన్ని రాష్ట్రాలూ ఇంత ఉదారంగా ఉండవు. ఉదాహరణకు వర్జీనియా తన సమాచార చట్టం కింద అడిగే హక్కును ప్రధానంగా తన పౌరులకే ఇస్తుంది, దాన్ని సుప్రీంకోర్టు 2013లో సమర్థించింది.

ఇక వెతకడం. దేశం మొత్తానికీ కలిపి ఎవరైనా తెరిచి చూడగలిగే ఒకే పుస్తకం అక్కడ లేదు. ఎఫ్‌బీఐ దగ్గరున్న నేర చరిత్ర నివేదికను ఎవరిది వారే తెప్పించుకోవాలి, మరొకరి పేరు మీద మీరు అడిగితే ఇవ్వరు. మిగిలినదంతా రాష్ట్రాల్లో, అంతకంటే ఎక్కువగా కౌంటీల్లో ఉంటుంది. కౌంటీ అంటే మన జిల్లా లాంటిదనుకోండి. టెక్సాస్‌లో అవి 254 ఉన్నాయి. కౌంటీ జైలు షెరీఫ్ అనే కౌంటీ పోలీసు అధికారి చేతిలో ఉంటుంది, ఆ షెరీఫ్‌ను ప్రజలే ఎన్నుకుంటారు. అరెస్టు చేసింది నగర పోలీసులే అయినా, ట్రాఫిక్ చలానా స్థాయిని మించిన కేసుల్లో మనిషి చేరేది సాధారణంగా కౌంటీ జైలుకు, కాగితాలు చేరేది కౌంటీ కోర్టులకు.

మీ ఆడపడుచు గారి అబ్బాయి పంపిన ఫొటోలో ఏ కౌంటీ పేరుందో మీరు రాయలేదు. కాబట్టి ఒక ముఖ్యమైన విషయం చెప్పాలి. ఫ్రిస్కో పట్టణం కాలిన్, డెంటన్ అనే రెండు కౌంటీల్లో పరుచుకుని ఉంది, పక్కనే డాలస్ కౌంటీ. అబ్బాయి ఇల్లు ఒక కౌంటీలో, ఆఫీసు ఇంకొక కౌంటీలో ఉండడం అక్కడ మామూలు. నేరం ఎక్కడ జరిగిందంటారో కేసు అక్కడి కోర్టులోనే నడుస్తుంది కాబట్టి ఈ మూడింటిలోనూ చూడాలి. మూడు కౌంటీలూ జైలు వివరాలనూ, కోర్టు రికార్డులనూ పేరుతో వెతుక్కునే ఏర్పాటును ఇంటర్నెట్‌లో ఉంచాయి. గుంటూరులో మీ ఇంట్లో కూర్చునే చూసుకోవచ్చు. పిట్స్‌బర్గ్ ఉన్న పెన్సిల్వేనియాలో పని ఇంకా సులువు, అక్కడ రాష్ట్రంలోని కోర్టుల కేసుల వివరాలను ఒకే వెబ్‌సైటులో ఉచితంగా చూడవచ్చు. టెక్సాస్‌లో రాష్ట్ర ప్రజా భద్రతా శాఖ కూడా స్వల్ప రుసుముతో పేరు మీద వెతకనిస్తుంది, అయితే అందులో కనిపించేవి ప్రధానంగా శిక్ష పడిన కేసులు, డిఫర్డ్ అడ్జుడికేషన్ అనే షరతు మీద ఆపి ఉంచిన కేసులు.

జైలు జాబితాకూ, కోర్టు రికార్డుకూ తేడా మీరు గట్టిగా పట్టుకోవాలి. జైలు జాబితాలో పెద్దక్షరాల్లో ఇంటిపేరు, కామా, అసలు పేరు ఉంటాయి. పక్కన బూడిదరంగు గోడ ముందు తీసిన ఫొటో, ఎత్తు, బరువు, కళ్ల రంగు, లోపలికి తీసుకున్న తేదీ, ఆరోపణ, బాండు (బెయిలు) మొత్తం ఉంటాయి. ఆ తర్వాత ఏమైందన్నది అందులో ఉండదు. చాలా కౌంటీల్లో మనిషి బయటికి రాగానే జాబితాలోంచి పేరు కూడా పోతుంది. ఆరోపణ నిలబడిందా, వీగిపోయిందా అన్నది తెలిసేది కోర్టు క్లర్కు నిర్వహించే రికార్డులోనే. టెక్సాస్‌లో ఫెలనీ అనే పెద్ద నేరాల రికార్డు సాధారణంగా డిస్ట్రిక్ట్ క్లర్కు దగ్గరా, మిస్‌డిమీనర్ అనే చిన్న నేరాల రికార్డు కౌంటీ క్లర్కు దగ్గరా ఉంటుంది.

'అసాల్ట్' అనగానే మనవాళ్లకు హత్యాయత్నం గుర్తుకొస్తుంది. టెక్సాస్ చట్టంలో ఆ మాట చాలా విశాలమైనది. బెదిరించడం, ఎదుటివారికి అభ్యంతరకరమని తెలిసీ ఒంటిమీద చెయ్యి వేయడం కూడా అసాల్టే. అది సి తరగతి నేరం, 500 డాలర్ల వరకు జరిమానా తప్ప జైలు ఉండదు, నగర మునిసిపల్ కోర్టులోనో జస్టిస్ కోర్టులోనో తేలిపోతుంది కాబట్టి కౌంటీ క్లర్కు రికార్డులో కనబడకపోవచ్చు. ఒంటికి నొప్పో గాయమో కలిగితే అది 'ఎ' తరగతి నేరం, ఏడాది వరకు జైలు, 4,000 డాలర్ల వరకు జరిమానా. ఆయుధం వాడినా, తీవ్రంగా గాయపరిచినా అది ఫెలనీ అవుతుంది. కాబట్టి ఆ ఒక్క మాట పక్కన తరగతి ఏమని ఉందో చూడండి. అక్కడే 'ఫ్యామిలీ వయొలెన్స్' అన్న మాట ఉందేమో కూడా చూడండి. ఉంటే ఆ ఆరోపణ ఇంట్లో మనిషికో, సన్నిహిత సంబంధంలో ఉన్న మనిషికో జరిగిన హాని గురించినది. ఆడపిల్ల తల్లిగా మీరు అన్నిటికంటే జాగ్రత్తగా చదవాల్సినది అదే, దాని దగ్గర మొహమాటపడవద్దని నా గట్టి అభిప్రాయం.

కోర్టు రికార్డు చివర ఫలితం ఉంటుంది. 'డిస్మిస్డ్' అంటే కేసు కొట్టివేశారు. 'డిఫర్డ్ అడ్జుడికేషన్' అంటే నేరం ఒప్పుకున్నాడు, లేదా ఎదురు వాదించలేదు, కోర్టు దోషి అని తీర్పు రాయకుండా కొంతకాలం షరతులు పెట్టింది, అవి పాటిస్తే కేసు మూసేస్తుంది. 'గిల్టీ' అంటే దోషి. 'నోలో కంటెండరే' అన్నది నేరం ఒప్పుకోకుండానే శిక్షకు తలవంచడం. ఈ నాలుగింటిలో ఏది ఉందో తెలియకుండా సంబంధం వదులుకోవడం ఎంత పొరపాటో, ఏదీ చూడకుండా కళ్లు మూసుకుని ముందుకెళ్లడమూ అంతే పొరపాటు. అరెస్టు చేసి, కేసే పెట్టకుండా వదిలేసిన సందర్భమైతే కోర్టులో ఏమీ ఉండదు. అప్పుడు అరెస్టు చేసిన పోలీసు శాఖకే సమాచార చట్టం కింద ఈమెయిలు రాయవచ్చు. సమాచారాన్ని ఆలస్యం లేకుండా ఇవ్వాలి, నిరాకరించదలిస్తే సాధారణంగా 10 పనిదినాల్లోగా రాష్ట్ర అటార్నీ జనరల్ నిర్ణయం కోరాలి.

అసలు ఆ రికార్డు ఈ అబ్బాయిదేనా అన్నది ఇంకా తేలలేదు. మన పేర్లతో అమెరికా రికార్డుల్లో చాలా తికమక వస్తుంది. ఒకే ఇంటిపేరు, వెంకట అనో సాయి అనో మొదలయ్యే ఒకే పేరు ఉన్నవాళ్లు ఒక్క ఫ్రిస్కోలోనే పలువురు ఉండవచ్చు. లక్ష్మిని ఇంగ్లీషులో రెండు మూడు రకాలుగా రాస్తాం. పాస్‌పోర్టులో మొత్తం పేరంతా ఒకే గడిలో ఉంటే, వీసా మీద అసలు పేరు స్థానంలో 'ఎఫ్ఎన్‌యూ', అంటే మొదటి పేరు తెలియదు అని పడుతుంది, జైలు రికార్డులోకీ అదే ఎక్కే అవకాశం ఉంది. పుట్టిన తేదీ సంగతి మరీ ముఖ్యం. మన ఇళ్లలో జాతకంలో ఉండే తేదీ వేరు, బడిలో వేసిన తేదీ వేరు. పాస్‌పోర్టుకు వెళ్లేది పదో తరగతి సర్టిఫికెట్‌లోని తేదీ. పెళ్లిచూపుల కాగితం మీది తేదీతో వెతికితే దొరకాల్సినది దొరకదు, వేరేవారిది మాత్రం దొరకవచ్చు. కొన్నేళ్ల కిందట విజయవాడ గవర్నరుపేటలోని మా ఆఫీసుకు ఒక తండ్రి ఇలాంటి కాగితమే పట్టుకుని వచ్చారు. పేరు, ఇంటిపేరు అచ్చంగా సరిపోయాయి. కౌంటీ రికార్డు తెరిచి చూస్తే ఎత్తు ఆరడుగుల ఒక అంగుళం అని ఉంది. ఆయన కాసేపు దానివంక చూసి, 'మావాడు నా భుజం దాకా వస్తాడండీ' అన్నారు. డబ్బు పుచ్చుకున్న వెబ్‌సైటు ఇచ్చిన కాగితంలో ఆ ఎత్తు లేదు.

అలాంటి వెబ్‌సైట్ల మీద నాకు నమ్మకం లేదు. అవి ఎప్పుడో సేకరించిన సమాచారాన్ని తాజాదన్నట్టు చూపిస్తాయి, తర్వాత కోర్టు కొట్టేసిన కేసు వాటిలో అలాగే మిగిలిపోతుంది. ఫొటో తీసేయడానికి డబ్బు గుంజే సైట్ల మీద టెక్సాస్ 2013లోనూ, కాలిఫోర్నియా ఆ తర్వాతా చట్టాలు చేశాయంటే బెడద ఎంతదో ఊహించండి. ఉద్యోగాలకూ, అద్దె ఇళ్లకూ మనిషి పూర్వాపరాల నివేదికలిచ్చే సంస్థలు 1970 నాటి ఫెయిర్ క్రెడిట్ రిపోర్టింగ్ చట్టానికి లోబడి ఉంటాయి, ఆ మనిషి రాతపూర్వక అనుమతి లేకుండా ఆ నివేదికను పెళ్లి సంబంధం విచారణ కోసం తెప్పించడానికి ఆ చట్టం వీలివ్వదు. మీకు ప్రభుత్వ రికార్డే దారి.

వివరం చేతికొచ్చాక, దాచుకుని బాధపడకుండా అబ్బాయినే అడగండి. జీతం, వీసా, గోత్రం అడిగినప్పుడు లేని మొహమాటం ఇప్పుడెందుకు? మధ్యవర్తి ద్వారా కాకుండా మీ అమ్మాయి చేతే, కేసు నంబరు చెప్పి అడిగించడం మేలు. నిజమైతే కోర్టు ఇచ్చిన చివరి ఉత్తర్వు నకలు చూపించమనండి, అది తెప్పించుకోవడం అతనికి పెద్ద పని కాదు. ఈలోగా ఆ ఫొటోను బంధువుల గ్రూపుల్లోకి పంపకండి. అది వేరొకరిదని తేలితే అతని పరువుకు కలిగిన నష్టానికి భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షను కింద మీవాళ్లే జవాబు చెప్పుకోవాల్సి రావచ్చు.

ప్రశ్న: మేము విజయవాడ సత్యనారాయణపురంలో పై వాటా అద్దెకిస్తున్నాం. అద్దెకొచ్చేవారిపై కేసులున్నాయేమో అమెరికాలోలా మన దగ్గరా చూసుకోవచ్చా? – ఒక గృహస్థుడు

జవాబు: చూసుకోవచ్చు, కానీ దారి వేరు. అరెస్టయినవారి పేర్లను కంట్రోల్ రూము నోటీసు బోర్డు మీద పెట్టాలని సుప్రీంకోర్టు డి.కె.బసు కేసులో 1996లోనే చెప్పింది. ఇప్పుడు భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 37వ సెక్షను అరెస్టయినవారి పేరు, చిరునామా, నేర స్వభావం ప్రతి పోలీస్ స్టేషనులోనూ, జిల్లా కేంద్రంలోనూ డిజిటల్ రూపంలోనైనా ప్రదర్శించాలంటోంది. అంటే స్టేషనుకు వెళ్లి ఆ బోర్డు చూపించమనడం మీ హక్కు. ఎఫ్‌ఐఆర్‌లను 24 గంటల్లో వెబ్‌సైటులో ఉంచాలని 2016 సెప్టెంబరులో యూత్ బార్ అసోసియేషన్ కేసులో ఆదేశాలొచ్చాయి. లైంగిక నేరాలు, ఉగ్రవాదం, పోక్సో వంటి సున్నితమైనవాటికి మినహాయింపు ఉంది.

మీ అవసరానికి ఎక్కువ పనికొచ్చేది ఈ-కోర్ట్స్ వెబ్‌సైటు. రాష్ట్రం, జిల్లా, కోర్టు ప్రాంగణం ఎంచుకుని, పేరు, సంవత్సరం వేస్తే కేసు ఏ దశలో ఉందో చూపిస్తుంది. పోలీస్ స్టేషను, ఎఫ్‌ఐఆర్ నంబరు తెలిస్తే దానితోనూ వెతకవచ్చు. పేరుతో వెతికినప్పుడు తండ్రి పేరు, ఊరు సరిచూసుకోకుండా ఎవరినీ కాదనకండి.

ప్రశ్న: నేను టెక్సాస్‌లో ఎం.ఎస్. చదువుతుండగా దుకాణంలో వస్తువు తీశానని అరెస్టు చేశారు. తర్వాత కేసు కొట్టేశారు. ఇప్పుడు విజయవాడలో ఉన్నాను. ఆ రికార్డు చెరిపించుకోవచ్చా? – ఒక యువకుడు

జవాబు: షరతులేవీ లేకుండా కొట్టేసిన కేసైతే ఎక్స్‌పంక్షన్ కోరవచ్చు. కోర్టు ఉత్తర్వు ఇస్తే పోలీసు, జైలు, కోర్టు రికార్డులన్నీ తొలగిస్తారు. డిఫర్డ్ అడ్జుడికేషన్ మీద ముగిసిన కేసైతే, సి తరగతి నేరాలకు తప్ప సాధారణంగా చెరపరు, ప్రజలకు కనబడకుండా మూసి ఉంచే ఉత్తర్వు కోరవచ్చు. అక్కడి న్యాయవాది ద్వారా ఇక్కడినుంచే పని జరిపించుకోవచ్చు.

ఒక హెచ్చరిక. అమెరికా వీసాకు నింపే డీఎస్-160 ఫారంలో ఎప్పుడైనా అరెస్టయ్యారా అన్న ప్రశ్న ఉంది, క్షమాభిక్ష వంటివి లభించినా చెప్పాలని అందులోనే ఉంది. రికార్డు చెరిగిపోయిందని అక్కడ 'లేదు' అని రాయకండి. అబద్ధం చెప్పారన్న కారణం అసలు కేసు కంటే పెద్ద చిక్కు తెస్తుంది. అందుకే ఎక్స్‌పంక్షన్‌కు దరఖాస్తు చేసే ముందే కోర్టు క్లర్కు దగ్గర కేసు కొట్టివేత ఉత్తర్వు సర్టిఫైడ్ కాపీలు రెండు మూడు తీసి పెట్టుకోండి. చెరిపేశాక అడిగితే, ఇవ్వడానికి వాళ్ల దగ్గర కాగితం ఉండదు.