సమాధానం: గే డేటింగ్ యాప్‌లో ఫోటో పంపగానే బ్లాక్ చేస్తున్నారన్న ప్రశ్నకు

ఫోటో చూడగానే బ్లాక్ చేస్తున్నారని, మీ మాటతీరు విని నవ్వుతున్నారని రాశారు. లోపం మీ పొట్టలో గానీ, "ఆయ్" అన్నందుకు యాప్‌లో పరిచయమైనవారు నవ్విన మీ భీమవరం యాసలో గానీ లేదు. కండలు తిరిగిన, తెల్లతోలు ఉన్న, గంభీరంగా నడిచే మగవాడే అందగాడన్న మూస గే యాప్‌లలో పాతుకుపోయింది. అలాంటి యాప్‌లలో ఒకటైన గ్రైండర్ సంస్థ సైతం జాతిని బట్టి మనుషులను వడపోసే ఫిల్టర్‌ను తీసివేస్తామని 2020లో గానీ ప్రకటించలేదు.

1. ముందుగా మీ ప్రొఫైల్‌ను మీరే చదవండి; చాలామంది దాటవేసే పని ఇదే. మీరు ప్రశ్నతో పాటు ఇచ్చిన పరిచయంలో "ఆడంగి తరహావారు వద్దు" అన్న వాక్యం ఉంది. మిమ్మల్ని కాదన్నవారి కొలబద్దనే మీరూ పట్టుకున్నందువల్ల, మీతో నిదానంగా, మర్యాదగా మాట్లాడగలిగినవారు కూడా ఆ వాక్యం చూసి పలకరించకుండానే వెళ్లిపోతారు. దానిని తొలగించి, ఎవరు వద్దో కాక మీకేమి ఇష్టమో రాయండి: సాయంత్రం ఏటిగట్టు మీద నడక, పాత పాటలు, పులస దొరికే రోజుల్లో వంట.

2. ముఖం చూపనివారిని తప్పుపట్టకండి. ఊళ్లో ఎవరైనా గుర్తుపడతారన్న భయం మన వైపు న్యాయమైనదే. మీరూ నాలుగు మాటలు నడిచిన తరువాతే ఫోటో పంపండి.

3. రంగునో ఒంటినో వెక్కిరించినవారికి జవాబు రాయకుండా, రిపోర్ట్ చేసి, ఆపై బ్లాక్ చేయండి.