నల్ల ఆల్డర్, గ్రే ఆల్డర్ చెట్లని ఎలా గుర్తుపట్టాలి?

ఆకు కొన చూస్తే చాలు, కొన మొద్దుగా ఉండి మధ్యలో చిన్న నొక్కు ఉంటే నల్ల ఆల్డర్, కొన మొనదేలి ఆకు అడుగున బూడిద రంగులో ఉంటే గ్రే ఆల్డర్. రెండూ ఒకే కుటుంబం, కాయలు కూడా దాదాపు ఒకేలా ఉంటాయి కాబట్టి దూరం నుంచి తేడా తెలీదు. బెరడు కూడా చూడొచ్చు, ముదిరిన నల్ల ఆల్డర్ ది నల్లగా పగుళ్లతో ఉంటుంది, గ్రే ది నున్నగా బూడిద రంగు.

ఉదాహరణకి యూరప్ లో ఏటి ఒడ్డున వేళ్లు నీళ్లలో నానుతూ ఉన్న చెట్టు ఎక్కువగా నల్లదే, అదే కొండవాలు మీద వేళ్ల నుంచి పిలకలేసి గుంపుగా పెరిగిందంటే గ్రే అయ్యే ఛాన్స్ ఎక్కువ. కానీ రెండూ కలిసి పెరిగేచోట సంకరం కూడా అవుతాయి, అప్పుడు ఆకు కూడా మధ్యస్థంగా ఉండి నిజంగానే కష్టం.

చాలామంది పైన్ కాయల్లా ఉండే ఆల్డర్ చిన్న కాయలు చూసి ఈ చెట్లు పైన్ జాతి అనుకుంటారు, కాదు, ఇవి బర్చ్ అనే చెట్టు కుటుంబం. మన బాపట్ల సూర్యలంక బీచ్ లో సరుగుడు కాయలు చూసి కూడా ఇలాగే పొరబడతారు, నిజానికి సరుగుడు ఆల్డర్ కే దూరపు చుట్టం, రెండిటి వేళ్లలోనూ ఫ్రాంకియా అనే బ్యాక్టీరియా ఉండి గాల్లో నత్రజనిని పట్టి చెట్టుకి ఇస్తుంది.