పాలిటెక్నిక్ తర్వాత ఉద్యోగంలో చేరితే బీటెక్ దారి మూసుకుపోతుందా?

మూసుకుపోదు, ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో డిప్లొమా పూర్తిచేసినవారు కొంతకాలం ఉద్యోగం చేశాక కూడా ఈసెట్ అనే ప్రవేశ పరీక్ష రాసి నేరుగా బీటెక్ రెండో ఏడాదిలో చేరవచ్చు. పదో తరగతి తర్వాతి మూడేళ్ల డిప్లొమాలోనే గణితం, భౌతిక, రసాయన శాస్త్రాలకు పునాది పడుతుంది, అందుకే మొదటి ఏడాది మినహాయింపు. 19 ఏళ్లకు డిప్లొమా ముగించి రెండేళ్లు పనిచేసిన అమ్మాయి 21వ ఏట బీటెక్‌లో చేరితే 24కల్లా పట్టా అందుకుంటుంది.

అసలు కష్టం పరీక్షకు సిద్ధం కావడంలోనే ఉంది. మొత్తం 200 మార్కుల్లో బ్రాంచి సబ్జెక్టులకు 100, గణితానికి 50. పనిలో పడి లెక్కలు మరిచిపోతే ర్యాంకు దెబ్బతింటుంది; దయచేసి వాటిని వదిలేయకండి.

ఇంటర్ లేకుండా బీటెక్ కుదరదన్నది చాలా ఇళ్లలో పాతుకుపోయిన అపోహ. డిప్లొమా ఉంటే ఈసెట్‌కు ఇంటర్ అక్కర్లేదు.