మోకాలి మార్పిడి తర్వాత ఇన్ఫెక్షన్ అనుమానమా? ముందు నీరు తీయించండి, మందు తర్వాత

అడిగిన ప్రశ్న: "మా అమ్మకి మోకాలు మార్చి ఎనిమిది నెలలైంది. వాపు, నొప్పి తగ్గట్లేదు. సీఆర్‌పీ (ఒంట్లో వాపుని చూపే రక్తపరీక్ష) ఎక్కువ ఉందన్నారు. ఇన్ఫెక్షన్ అని ఖాయంగా ఎలా తెలుస్తుంది? స్కాన్ తీస్తే సరిపోదా?"

స్కాన్‌తో తేలదండీ. ఆపరేషన్ అయిన ఏడాది దాకా, ఒక్కోసారి ఆ తర్వాత కూడా, ఇన్ఫెక్షన్ ఏమీ లేకపోయినా బోన్ స్కాన్‌లో ఆ మోకాలు వెలుగుతూనే ఉంటుంది. ఎక్స్‌రేలో తేడా కనబడేసరికి పుణ్యకాలం కాస్తా గడిచిపోతుంది. మీరడిగినదానికి జవాబు అంతే. కానీ ఈ విషయం నా కడుపులో నాలుగేళ్ళుగా ఉంది, కాబట్టి కాస్త ఓపిక పట్టండి.

నేను డాక్టర్ని కాను. గుంటూరులో ఒక మైక్రోబయాలజీ ల్యాబులో ఇరవై రెండేళ్ళు టెక్నీషియన్‌గా చేశాను. ఎవరో పంపిన సీసాలో ఏం మొలిచిందో, ఏం మొలవలేదో చూడటమే నా పని. ఎముకల డాక్టర్లంటే నాకు గౌరవం. వాళ్ళ దగ్గర్నుంచి శాంపిల్ మోసుకొచ్చే వ్యవస్థ అంటే మాత్రం లేదు.

మా మేనత్తది తెనాలి పక్కన పల్లెటూరు. అప్పటికి 68 ఏళ్ళు, సుగరు కూడా ఉంది. "మంగళగిరి మెట్లెక్కి పానకాలస్వామిని చూడాలిరా, ఆ తర్వాత ఈ కాలు ఏమైపోయినా పర్లేదు" అని కుడి మోకాలు మార్పించుకుంది. మూడు నెలలు శుభ్రంగా నడిచింది. నాలుగో నెలలో సాయంత్రమయ్యేసరికి మోకాలు ఉబ్బడం, చెయ్యి పెడితే వెచ్చగా తగలడం మొదలైంది. జ్వరం లేదు, చలి లేదు, చీము అసలే లేదు. జనం మోసపోయేది ఇక్కడే. చీము పట్టిన కాలంటే ఎర్రగా కమిలి, ముట్టుకుంటే కేకలు పెట్టాలనుకుంటారు. ఆపరేషనైన మొదటి వారాల్లో వచ్చేది అలాగే ఉంటుంది. నెలలు గడిచాక వచ్చేది దొంగలాంటిది, చప్పుడు చెయ్యదు.

ఊళ్ళో ఆర్‌ఎంపీ ఐదు రోజులు యాంటీబయాటిక్ ఇంజెక్షన్లు పొడిచాడు. తగ్గింది. ఆపగానే మళ్ళీ ఉబ్బింది. ఈసారి పది రోజులు మాత్రలు. మళ్ళీ తగ్గింది, మళ్ళీ వచ్చింది. ఇలా మూడు విడతలు. నాకు మాత్రం ఎవరూ చెప్పలేదు. "వాడు ల్యాబులో ఉచ్చా రక్తం చూసేవాడు, ఎముకల సంగతి వాడికేం తెలుసు" అని మా బావ అనుకున్నాడట. తప్పు లేదులెండి, ఇరవై రెండేళ్ళూ చుట్టాలందరూ అదే అనుకున్నారు.

ఆరో నెలలో ఒక పెద్ద ఆసుపత్రిలో మోకాల్లోంచి నీరు తీశారు. అప్పటికి మూడో విడత మాత్రలు ఇంకా నడుస్తున్నాయి. కల్చర్‌లో, అంటే క్రిముల్ని పెంచి చూసే పరీక్షలో, 48 గంటలకి "ఏమీ పెరగలేదు" అని రిపోర్టు వచ్చింది. నీటిలో తెల్లకణాలు 9,400. అక్కడ డ్యూటీలో ఉన్న కుర్ర డాక్టరు "50 వేలు దాటితేనే సెప్టిక్, ఇది మామూలు వాపు" అన్నాడు. సీఆర్‌పీ 2.4 అని ఉంటే "ఆరు లోపే కదా, నార్మల్" అన్నాడు. బావ సంబరంగా నాకు ఫోన్ చేశాడు.

"ఇన్ఫెక్షన్ లేదంటరా. అరుగుదల నొప్పంట."

"అరిగింది తీసేసే కదా బావా లోహం పెట్టారు. ఆర్నెల్లకే ఇంకేం అరిగింది?"

ఫోన్‌లో కాసేపు చప్పుడు లేదు. రిపోర్టులన్నీ ఫొటో తీసి పంపమన్నాను. అవి చూశాక ఆ రాత్రి నాకు అన్నం సహించలేదు.

మొదటి తప్పు, 50 వేల లెక్క. ఆ అంకె పుట్టుకతో వచ్చిన మోకాలికి. లోహం, ప్లాస్టిక్ పెట్టిన మోకాలికి పాతబడ్డ ఇన్ఫెక్షన్‌లో 3,000 దాటగానే అనుమానించాలి, అందులో న్యూట్రోఫిల్స్ (క్రిములతో పోరాడే ఒక రకం తెల్లకణాలు) 80 శాతం దాటితే అనుమానం ఇంకా గట్టిపడుతుంది. మా అత్తయ్యకి 88 శాతం. రెండో తప్పు మరీ సిగ్గుచేటు. ఆ 2.4 డెసిలీటరు లెక్కలో ఉంది, అంటే లీటరుకి 24 మిల్లీగ్రాములు. 10 దాటకూడదు. ఒక ల్యాబ్ లీటర్లలో ఇస్తుంది, పక్క వీధి ల్యాబ్ డెసిలీటర్లలో ఇస్తుంది, చూసేవాళ్ళు అంకె చూసి పక్కన రాసింది చూడరు. కిలో ధరకీ వంద గ్రాముల ధరకీ తేడా తెలియకుండా మార్కెట్లో ఎవరైనా చింతపండు కొంటారా?

2018లో అంతర్జాతీయంగా ఒక మార్కుల పద్ధతి వచ్చింది. సీఆర్‌పీ 10 దాటితే 2 మార్కులు, ఈఎస్ఆర్ (వాపుని చూపే ఇంకో రక్తపరీక్ష) 30 దాటితే 1, కీలు నీటిలో తెల్లకణాలు 3,000 దాటితే 3, న్యూట్రోఫిల్స్ 80 శాతం దాటితే 2. ఆరు మార్కులొస్తే ఇన్ఫెక్షన్ కింద లెక్క. ఈఎస్ఆర్ 52తో కలిపి మా అత్తయ్యకి 8. డిస్టింక్షన్‌లో పాసైన రిపోర్టు చేతికిచ్చి ఫెయిలని ఇంటికి పంపారు.

మరి కల్చర్‌లో ఏమీ ఎందుకు పెరగలేదు? మాత్రలు మింగుతుంటే నీటిలో తేలే క్రిములు చస్తాయి. లోహాన్ని అంటుకున్నవి చావవు. తెల్లారి పళ్ళు తోమకముందు పంటి మీద జిగురుగా పాచి ఉంటుంది చూశారా, చెరువు మెట్ల మీద కాలు జారే పాచి ఉంటుంది చూశారా, అదే జాతి పాచి కీలు మీద కూడా కడుతుంది. ఆ జిగురు పొర కింద దాక్కున్న క్రిమిని చంపాలంటే మామూలుగా సరిపడే మోతాదుకి వందల రెట్లు, ఒక్కోసారి వెయ్యి రెట్లు మందు కావాలి. అంత మందు ఇస్తే క్రిమి కంటే ముందు మనిషే పోతాడు. నీరు తీస్తే సూదిలోకి వచ్చేది పైన తేలే నీరే, పాచి కాదు. తేలేవి చచ్చాక కల్చర్ వేస్తే ప్లేటు మీద ఏం మొలుస్తుంది?

1987లో గ్రిస్టినా అనే ఎముకల డాక్టరు దీన్ని ఉపరితలం కోసం పరుగుపందెం అన్నాడు. లోహం లోపల పెట్టగానే మన కణాలు ముందు చేరతాయా, క్రిములు ముందు చేరతాయా అన్నదే పందెం. నాకైతే పండగ ముందు రోజు గుంటూరు బస్టాండే గుర్తొస్తుంది. బస్సు ఆగకముందే కిటికీలోంచి తువ్వాలు విసిరినవాడిదే సీటు. క్రిమి తువ్వాలు వేసేశాక ఎంత గట్టిగా అరిచినా లేవదు. అంతకంటే ముప్పై ఏళ్ళ ముందే, 1957లో, ఎలెక్, కోనెన్ అని ఇద్దరు మనుషుల చర్మం మీదే పరీక్ష చేశారు. మామూలు చర్మంలో చీము పుట్టించాలంటే లక్షల్లో స్టెఫైలోకాకస్ క్రిములు కావాల్సి వచ్చింది. అక్కడ ఒక పట్టుదారం కుట్టు వేస్తే కొన్ని వందలే సరిపోయాయి. ఒక్క దారప్పోగుకే అంత తేడా! మోకాల్లో పెట్టేది అరచేతిలో పట్టనంత లోహం.

అందుకే ఆసుపత్రి మంచం మీద చెప్పులతో సహా ఎక్కి కూర్చుని ద్రాక్షపళ్ళు తినే చుట్టాలని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. ఇంగ్లండులో జాన్ ఛార్న్‌లీ తుంటి మార్పిడి మొదలుపెట్టిన కొత్తల్లో వందకి ఏడుగురి దాకా ఇన్ఫెక్షన్ వచ్చేది. థియేటర్లో గాలిని వడగట్టి, గౌన్లు మార్చి, ఏళ్ళ తరబడి కష్టపడి దాన్ని ఒక శాతం లోపుకి తెచ్చాడు. ఆయన గాలిని వడగట్టాడు. మనం చుట్టాలని వడగట్టలేకపోతున్నాం.

సరే, అత్తయ్య సంగతి. అసలు ఆపరేషన్ చేసిన డాక్టరు గారి దగ్గరకే మళ్ళీ తీసుకెళ్ళాను. ఆయన రిపోర్టులన్నీ రెండుసార్లు తిరగేసి, "మందులన్నీ ఆపేసి రెండు వారాలు ఆగుదాం, అప్పుడు తీద్దాం" అన్నారు. ఆ రెండు వారాలూ అత్తయ్య నన్ను తిట్టని తిట్టు లేదు. "చిన్నోడా, నొప్పితో చస్తుంటే మందు మానమంటావేంట్రా, నువ్వు నా మేనల్లుడివా, నా పాలిటి యముడివా?" పద్నాలుగో రోజుకి మోకాలు గుమ్మడికాయంత అయింది.

నీరు తీసేరోజు నేనే వెళ్ళాను. పల్చటి మజ్జిగలా వచ్చింది. కణాల లెక్కకి ఊదారంగు మూత గొట్టంలో కొంత, మిగిలింది అక్కడికక్కడే రక్తం కల్చర్ సీసాల్లోకి. సిరంజి జేబులో పెట్టుకుని ఆటో ఎక్కే పని లేదు. సీసాలు ఒళ్ళో పెట్టుకుని మా వాడి స్కూటర్ వెనక కూర్చుని ల్యాబుకి తెచ్చాను. ఇక్కడో చిన్న రహస్యం. రక్తంలో తెల్లకణాలు లెక్కపెట్టేటప్పుడు కలిపే ద్రావణంలో ఎసిటిక్ యాసిడ్ ఉంటుంది. అది కీలు నీటిలో కలిపితే పాలు విరిగినట్టు విరిగి, కణాలన్నీ ముద్దలో చిక్కుకుని లెక్క తప్పుతుంది. సెలైన్ కలపాలి. ఈ సంగతి తెలియని ల్యాబులు నేను చూశాను. ఎక్కడో మాత్రం చెప్పను.

లెక్క 11,200 వచ్చింది, న్యూట్రోఫిల్స్ 91 శాతం. ఇంకో పని కూడా చేశాను. మూత్ర పరీక్షకి వాడే స్ట్రిప్ ఉంటుంది కదా, దాని మీద తెల్లకణాలకి ఒక గడి ఉంటుంది. ఆ నీటిని సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, రక్తం కిందికి దిగాక పైనున్న నీటిని ఒక్క చుక్క వేశాను. రెండు నిమిషాల్లో ముదురు ఊదా. కొన్ని రూపాయల పుల్ల అది! పైన చెప్పిన మార్కుల పద్ధతిలో దీనికీ చోటుంది, కణాల లెక్కకి బదులుగా 3 మార్కులు. వేలు పోసి చేసే పరీక్షలకి ఎగబడతారు గానీ దీన్ని ఎవరూ పట్టించుకోరు. నన్నడిగితే మోకాళ్ళ ఆపరేషన్ చేసే ప్రతి ఆసుపత్రిలో ఓపీ బల్ల మీదే ఈ డబ్బా ఉండాలి.

మూడో రోజు సీసాలో పెరిగింది. స్టెఫైలోకాకస్ ఎపిడెర్మిడిస్. మా ల్యాబు సారు పెదవి విరిచారు. "చర్మం మీద ఉండేదేగా, సూదితో పాటు వచ్చుంటుంది." ఆయన అనుమానం న్యాయమైనదే. ఈ క్రిమి అందరి చర్మం మీదా ఉంటుంది, కృత్రిమ కీళ్ళని ఎక్కువగా పట్టేదాంట్లోనూ ఇదొకటి. ఒక్క కల్చర్‌తో తేల్చకూడదు. మళ్ళీ తీశారు, మళ్ళీ అదే క్రిమి, ఏ మందుకి లొంగుతుంది ఏ మందుకి లొంగదు అన్న పట్టిక కూడా అక్షరం పొల్లుపోకుండా అదే. రెండు వేర్వేరు శాంపిల్స్‌లో ఒకే క్రిమి వస్తే, లేదా చర్మం మీంచి కీలు దాకా రంధ్రం పడి రసి కారుతుంటే, ఇంక మార్కులు కూడక్కర్లేదు, అది ఇన్ఫెక్షనే. ఆ రంధ్రం దగ్గర దూదిపుల్లతో తుడిచి పంపేవాళ్ళుంటారు, ఆ పని మాత్రం చెయ్యనివ్వకండి. చర్మం మీది చెత్తంతా వస్తుంది.

ఆపరేషన్ రోజు థియేటర్ బయట ఐదు స్టెరైల్ డబ్బాలు పట్టుకుని నేనే నిలబడ్డాను. ఎందుకంటారా? అంతకు ముందు ఏడాది ఒకాయన కీలులోంచి తీసిన ఐదు ముక్కలూ బయాప్సీ అనుకుని ఫార్మలిన్‌లో వేసి మా ల్యాబుకి పంపారు, "కల్చర్ చేయండి" అని చీటీతో. ఫార్మలిన్‌లో వేశాక క్రిమి ఏంటి, దాని తాత కూడా బతకడు. ఎవరు వేశారంటే ఒకరి మీద ఒకరు చెప్పుకున్నారు. ఆ ముక్కల్ని మళ్ళీ ఎక్కణ్ణుంచి తెస్తారు? అత్తయ్యవి ఐదు చోట్ల నుంచి ఐదు ముక్కలు, ఒక్కోటీ వేరే పరికరంతో తీశారు. ప్లేట్లు 14 రోజులు ఉంచాం. నిదానంగా పెరిగే జాతులుంటాయి, 48 గంటలకే చెత్తబుట్టలో వేస్తే అవి కనబడవు.

పాత కీలు తీసేశారు. యాంటీబయాటిక్ కలిపిన సిమెంటు ముద్ద మధ్యలో పెట్టి, ఆరు వారాలు మందులిచ్చి, ఆ తర్వాత కొత్త కీలు వేశారు. బావకి రెండెకరాల కౌలు డబ్బు కరిగిపోయింది. వాపు మొదలైన నెలలోనే నీరు తీసి ఉంటే, పాచి ముదరకముందే కడిగేసి లోహాన్ని కాపాడుకునే అవకాశం ఎంతో కొంత ఉండేదని నా గట్టి నమ్మకం. డాక్టరు గారు ఆ మాట అనలేదు, నేనే అంటున్నా. అత్తయ్య ఇప్పుడు నడుస్తుంది. మంగళగిరి కొండ మీదికి కారులో తీసుకెళ్తే, మెట్లెక్కనివ్వలేదని దారి పొడుగునా సణిగింది.

మీ అమ్మగారి సంగతి. ఎనిమిది నెలలకి సీఆర్‌పీ ఎక్కువుండటం మామూలు కాదు, ఆపరేషన్ తర్వాత రెండు మూడు వారాల్లో అది దిగిపోవాలి. ఈఎస్ఆర్ అయితే నెలల తరబడి ఎక్కువ ఉండొచ్చు. రుమటాయిడ్ ఉన్నా, ఛాతీలో నెమ్ము చేరినా, పుచ్చుపన్నున్నా సీఆర్‌పీ పెరుగుతుంది, అవన్నీ అడగండి. ఇప్పుడు ఏదైనా యాంటీబయాటిక్ వాడుతున్నారా? వాడుతుంటే నా మాట విని మీకు మీరే ఆపకండి, ఆపరేషన్ చేసిన డాక్టరు గారితో "నీరు తీశాకే మందు వేద్దామా" అని అడగండి. చలి జ్వరం వచ్చినా, మాట తడబడినా ఈ రెండు వారాల లెక్కలేమీ పెట్టుకోకుండా వెంటనే ఎమర్జెన్సీకి తీసుకెళ్ళండి.

ఆ సీఆర్‌పీ రిపోర్టు కామెంట్లలో పెట్టండి, చూస్తాను. పేరు కొట్టేసి పెట్టండి, అంకె పక్కన లీటరో డెసిలీటరో మాత్రం కనబడాలి.